ఎముకైతే విరగలేదుగా

మా అత్తగారింటికి రెండు తలుపులు. ముందు తలుపు వీధిలోకి తెరుచుకునేది, అటు మాంసం దుకాణం. వెనక తలుపు సందులోకి, అటు అత్తగారి గది. ముందు వైపు మేకల్ని కీళ్ళ దగ్గర విడదీసేవాళ్ళు, వెనక వైపు మనుషుల్ని కీళ్ళ దగ్గర సరిచేసేవాళ్ళు. మూటలు మోసి భుజం జారినవాళ్ళు, ఆటలో వేళ్ళు తిరిగిన పిల్లలు, మెట్ల మీద నుంచి దొర్లిన ముసలమ్మలు పొద్దున్నుంచీ సందులో గోడకానుకుని కూర్చునేవాళ్ళు. పని అయ్యాక కొందరు దుకాణంలోంచే బయటికి పోతూ అరకిలో తూయించుకునేవాళ్ళు.

"ఆ చేత్తోనే పట్టుకుపో బాబాయ్, కుదిరిందో లేదో ఇల్లు చేరేలోపు తెలిసిపోతుంది" అని మా తోటికోడలు పొట్లం అందించేది.

ఆవిడ మా బావగారి భార్య. నాకు అక్క. అత్తగారు పెట్టిన పేరు వాగుడుకాయ. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, ఎవరో దూరపు పిన్ని పెంచి పెళ్ళి చేసి చేతులు దులుపుకుంది. నోరు మాత్రం ఊరికంతటికీ సరిపోయేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను కొక్కేలకు వేలాడే మేకల్ని చూసి కళ్ళు మూసుకుంటుంటే, "వాటికి నువ్వే భయం పుట్టిస్తున్నావే, పాపం తలలు లేకపోయినా వణుకుతున్నాయి" అని నవ్వించింది. ఆ ఇంట్లో నేను నవ్వింది ఆవిడ దగ్గరే.

మా మామగారు నేను వచ్చేనాటికే పోయారు గానీ ఆయన మాట దుకాణంలో ఇంకా నడుస్తూ ఉండేది. మేకను నరకకూడదు, విప్పాలి అనేవారట. కత్తి మొనతో తడిమితే కీలు తనంతట తనే దారి ఇస్తుంది, ఎముక మీద దెబ్బ పడితే పెంకులు మాంసంలో కలిసి తినేవాడి నాలుక చీలుస్తాయి, అది పనివాడికి తలవంపు. వెనక గదిలో అత్తగారిదీ అదే పద్ధతి. కీలు తప్పితే ఆవిడ పట్టేది. ఎముక విరిగితే ముట్టుకునేది కాదు, పెద్దాసుపత్రికి పొమ్మనేది. అలా ఆ ఇంట్లో ఎముకకు ఒక న్యాయం, కీలుకు ఒక న్యాయం. ఎముక విరగడమంటే ఘోరం. కీలు తప్పడమంటే ముగ్గు చెరిగినట్టు, మళ్ళీ వేసుకుంటే సరి.

మా బావగారు ఆ రెండు న్యాయాల మధ్యలో పెరిగి, తనకు కావలసింది ఏరుకున్నాడు.

పెద్ద మనిషి, తలుపంత వెడల్పు. మామగారి మాట ఆయనకు ఎక్కలేదు. పెద్ద కత్తి ఎత్తి ధనాధన నరికేవాడు, అందుకని బజారంతా ఆయన్ని గొడ్డలి అనేది, వెనకాల. కోపం వస్తే చేతికి అందింది పట్టుకుని మెలితిప్పేవాడు. నేను మొదటిసారి చూసింది భోజనాల దగ్గర. అక్క ఏదో అంది, అందరం నవ్వాం, ఆయన తప్ప. చెయ్యి చాచి ఆవిడ చూపుడువేలు పట్టుకుని వెనక్కి వంచాడు. పచ్చి కొమ్మ విరిగిన చప్పుడు. వేలు పైకి చూస్తూ నిలబడిపోయింది.

"కీలేగా" అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ. "ఎముకైతే విరగలేదుగా."

అత్తగారు లేచింది. చెయ్యి కడుక్కుంది. అక్క వేలు పట్టుకుని లాగి, మడతబందులో చీల దిగినట్టు దింపి, మళ్ళీ వచ్చి తన ముద్ద తను తింది. వేలు మడతబందు కీలు, తలుపులాగా ఒక్క వైపే మడుస్తుంది, మోచెయ్యీ మోకాలూ అంతే, అని అత్తగారు ఆ సాయంత్రం నాకు చెప్పింది. కొడుకు గురించి ఒక్క మాట చెప్పలేదు.

నన్ను తన గదిలో సాయానికి పెట్టుకుంది. నా పని రోగిని మాట్లాడించడం. "మీ ఇంటికి దారెటు?" అని అడగాలి. ఎవరైనా సరే, ఇంటి దారి చెప్పేటప్పుడు ఒళ్ళు వదులు చేస్తారట. మొదటి వీధి దాటి, రెండో మలుపు తిరిగేసరికి భుజాలు దిగిపోతాయి. అప్పుడు లాగాలి. నేను అడిగేదాన్ని, వాళ్ళు చెప్పేవాళ్ళు, "అక్కడ కుళాయి ఉంటుంది, దాని పక్క నుంచి..." అనేలోపు ఠక్. సగం మందికి పని అయిపోయిందని కూడా తెలిసేది కాదు, దారి చెబుతూనే ఉండేవాళ్ళు.

వేలు తరవాత ఆయన మణికట్టు దాకా వచ్చాడు. మణికట్టులో గులకరాళ్ళ లాంటి చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి, ఆయన మెలితిప్పితే ఒక రాయి పైకి లేచింది. అత్తగారు బొటనవేలితో నొక్కింది. తరవాత మోచెయ్యి. దాని తరవాత కుడి భుజం. భుజం ఆయనకు బాగా నచ్చినట్టుంది. చెయ్యి పట్టి వెనక్కి తిప్పి ఒక్క ఊపు ఊపితే ఊడి వచ్చేది, అక్క జబ్బ కింద గుంట పడి, చంక ముందు బంతి ఉబికేది. ఆవిడ కేక వీధి మలుపు దాకా వినిపించేది. దుకాణం ముందు నిలబడ్డవాళ్ళు కాసేపు అటూ ఇటూ చూసి, తొడ ముక్క ఇమ్మనేవాళ్ళు.

మా ఆయన ఒకసారి అడ్డం వెళ్ళాడు. అన్నగారు జుట్టు పట్టుకుని మాంసం కొట్టే మొద్దు అంచుకేసి మొహం కొట్టాడు. ముక్కు పక్కకు ఒరిగిపోయింది. అప్పటి నుంచి తెల్లవారకముందే సంతకు మేకల కోసం పోవడం, పొద్దు వాలాక రావడం అలవాటు చేసుకున్నాడు. తిట్టాలనిపించేది. ఆ ముక్కు చూశాక తిట్టబుద్ధి కాలేదు.

అక్క భుజం సరిచేసేటప్పుడు కూడా నేను అడగాల్సిందే. పద్ధతి పద్ధతే కదా. "మీ ఇంటికి దారెటు అక్కా?" అంటే, ఏడుపులోనే నవ్వేది.

"ఇదేగా ఇల్లు. దారి ఏం చెప్పనే, గడపలోనే కూర్చున్నాను."

ఒళ్ళు వదులయ్యేది కాదు. ఊళ్ళోవాళ్ళ భుజాలు ఒక్క లాగుడుకు పడేవి, అక్కకు మాత్రం అత్తగారు చంకలో మడమ తన్నిపెట్టి, చెమటలు కారేలా లాగాల్సి వచ్చేది. అదీ మొదట్లో. తరవాత తరవాత సులువైపోయింది. అది మంచిది కాదని అత్తగారే చెప్పింది. తుంటి కీలుకు లోతైన గిన్నె, బంతి దాక్కుని కూర్చుంటుంది. భుజానికి గిన్నె కాదు, పళ్ళెం. పళ్ళెం అంచు అరిగితే బంతి నిలవదు. అప్పటికే అక్క జుట్టు దువ్వుకోవడానికి చెయ్యెత్తినా జారిపోయేది.

"మరి ఆయనకు చెప్పరేం అత్తయ్యా?" అన్నాను.

"నేనున్నానుగా" అంది. అదే ఆవిడ జవాబు ఎప్పుడూ. వాడు తీస్తే నేను పెడతాను అన్నట్టు. ఆవిడ చేతులంటే ఆవిడకు అంత నమ్మకం. ఆ చేతులున్నంతకాలం ఆ ఇంట్లో ఏదీ పాడుకాదనుకుంది. అక్క కూడా అలాగే అనుకుందేమో, అందుకే నోరు తగ్గించలేదు.

చివరికి ఆయన ఆ నోటి మీదికే పోయాడు. దుకాణంలో జనం ముందు అక్క, "మా ఆయన మేకను నరికితే అది ఏ జంతువో దానికే గుర్తుండదు" అంది. నలుగురూ నవ్వారు. జనం పలచబడ్డాక లోపలికి ఈడ్చుకొచ్చి, నోట్లోకి వేళ్ళు దూర్చి కింది దవడ పట్టుకుని గుంజాడు. దవడ కీలు ఊడి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మూయలేదు, మింగలేదు. గడ్డం మీదుగా సొంగ, దానిలో నెత్తురు. కళ్ళు మాత్రం మాట్లాడుతూనే ఉన్నాయి.

"ఇప్పుడు వాగు" అన్నాడాయన.

అత్తగారు రెండు బొటనవేళ్ళకూ గుడ్డ చుట్టుకుంది, దవడ కూర్చునేటప్పుడు పళ్ళు ఠపీమని కరుచుకుంటాయి మరి. వేళ్ళు నోట్లో వెనక దంతాల మీద పెట్టి కిందికి నొక్కి వెనక్కి తోసింది. పళ్ళు కరుచుకున్నాయి, గుడ్డ చిరిగి ఆవిడ వేలు తెగింది. అక్క గడ్డం పట్టుకుని కాసేపు కూర్చుంది. ఏమీ అనదనుకున్నాం.

"అత్తయ్యా, మీ వేలికి ఉప్పు తక్కువైంది" అంది.

నవ్వాను నేను. అత్తగారు నవ్వలేదు. ఆ రోజు నా ముందు తిరగలి పెట్టి కింది రాయి మధ్యలో ఉండే మేకు చూపించింది. మనిషి మెడలో పైన ఉన్న ఎముక ఉంగరంలా ఉంటుంది, దాని కింది ఎముకకు ఇలాంటి మేకు ఉంటుంది, ఉంగరం మేకు చుట్టూ తిరుగుతుంది కాబట్టే మనం కాదు కాదని తల ఊపగలం. పుర్రె ఎముకలు గుడ్డ కుట్టినట్టు కుట్టేసి ఉంటాయి, వాటితో ఎవరికీ పని లేదు. కానీ ఈ మేకు జారితే... అని ఆగింది.

"అది ఒక్కటే నా చేతికి రాదు" అంది. తిరగలి మూసేసింది.

మా బావగారు ఆ మెడ కీలు తెలిసిన మనిషి. దుకాణంలో కోళ్ళు కూడా ఉండేవి. ఒక చేత్తో ఒళ్ళు, ఒక చేత్తో తల, ఒక్క తిప్పు. కత్తి కూడా అక్కర్లేదు ఆయనకు. వేలి దగ్గర మొదలైన మనిషి పైపైకి వస్తున్నాడు. దవడ దాకా వచ్చేశాడు. దవడకూ మెడకూ జానెడు కూడా దూరం లేదు.

తరవాత కొన్నాళ్ళకు ఒక పోలీసాయన బొటనవేలు వాచి వెనక గదికి వచ్చాడు. దొంగను పట్టుకోబోతే వాడు మెలితిప్పాడట. బొటనవేలి మొదట్లో కీలు గుర్రం మీద జీను లాంటిది, ఎముక మీద ఎముక కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, అందుకే అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే జారుతుంది కూడా. నేను ఇంటి దారి అడిగాను, ఆయన చెప్పాడు, అత్తగారు లాగింది. అక్క అక్కడే చెయ్యి మెడకు కట్టుకుని కూర్చుని ఉంది. నీకెలా తప్పిందమ్మా అని పోలీసాయన మాట వరసకు అడిగాడు.

"మీది దొంగ తిప్పాడు. నాది కట్టుకున్నవాడు తిప్పాడు. మీరు మీవాణ్ణి పట్టుకున్నారా?" అంది.

ఆయన నవ్వేశాడు. పోతూ పోతూ దుకాణంలో ఆగి, జనంలో, "ఏమయ్యా, పెళ్ళాం చెయ్యి కూడా విప్పుతావటగా, అదీ తూకానికేనా?" అన్నాడు. తన మటుకు తను హాస్యమాడానని అనుకున్నాడు. కొట్టు ముందున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మధ్యాహ్నం. దుకాణం కడిగి తలుపులు మూశారు. నేల ఇంకా తడిగానే ఉంది. అత్తగారూ నేనూ గుడ్డలు చింపి కట్లకు చుట్టలు చుడుతున్నాం. అక్క ఎడమ చేత్తో నీళ్ళు తోడుతోంది. ఆయన వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేరుగా వెళ్ళి వెనక నుంచి అక్క గడ్డం కింద ఒక చెయ్యి వేశాడు. రెండో చెయ్యి తల వెనక్కి పోయింది. కోడి.

మోచేతులు రెండూ పైకి లేచి ఉన్నాయి. అక్క మొహం పక్కకు తిరగడం మొదలైంది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి, చెంబు దొర్లిపోయింది. అలా తిప్పుతూనే ఆయన తల్లి వైపు చూశాడు.

"ఇది కూడా పెడతావా అమ్మా?"

నేను పాక్కుంటూ పోయి కాలు పట్టుకున్నాను. మోకాలితో మూతి మీద తన్నాడు. రెండు పళ్ళు నాలుక మీద పడ్డాయి, నోరు నిండిపోయింది. ఆ పళ్ళ సందు ఇప్పటికీ ఉంది, ఈల వెయ్యాలంటే నాకది బాగా పనికొస్తుంది. అయినా కాలు వదల్లేదు. పట్టుకునే పైకి చూశాను.

అత్తగారు గుడ్డ చుట్ట కింద పెట్టింది. కంగారు లేదు, రోగి దగ్గరికి పోయినట్టే పోయింది. ఆయన వెనక నిలబడి, ఎత్తి ఉన్న కుడి మోచెయ్యి కింద నుంచి రెండు చేతులూ వేసి పట్టుకుంది. మోకాలు వీపులో ఆనించింది. చెయ్యి అలా ఎత్తి వెనక్కి తిరిగి ఉన్నప్పుడే భుజం పళ్ళెంలో బంతి అంచు మీద ఉంటుందని ఆవిడకు కాక ఇంకెవరికి తెలుసు? ఆ గదిలో ఎన్నేళ్ళుగానో లోపలికి లాగిన మనిషి, ఆ రోజు బయటికి లాగింది.

చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తడి గోనె చిరిగినట్టు.

ఆయన అరుపుకు పైన కప్పు మీద పావురాలు లేచాయి. తడి నేల మీద పడి, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని గింజుకున్నాడు. అక్క గొంతు పట్టుకుని దగ్గుతూ గోడ పక్కకు దొర్లింది. తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తిరిగింది.

"పెట్టు... పెట్టవే అమ్మా" అంటున్నాడాయన.

అత్తగారు పీట మీద కూర్చుంది. "కీలేగా" అంది. "ఎముకైతే విరగలేదుగా."

తరవాత అక్కతో, లేచి పొమ్మంది. ఎక్కడికని అక్క అడిగింది. ఏ బస్సు ముందు వస్తే దానికి, అంది అత్తగారు. అక్క బస్సెక్కిందని తెలిసేదాకా వీడి చెయ్యి ఇలాగే ఉంటుంది, లేస్తే వెనకాలే పడతాడు, అంది. నేను మూతికి కొంగు అడ్డం పెట్టుకుని, అక్క నడుం పట్టుకుని, సందులోంచి బస్టాండుకు నడిపించాను. దారిలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. మొదటిసారి చూశాను ఆవిడ నోరు మూసుకోవడం. బస్సు కదిలేటప్పుడు మాత్రం కిటికీలోంచి నా చెంప నిమిరి, "పళ్ళు తెచ్చుకున్నావా, అక్కడే వదిలేశావా?" అంది.

నేను తిరిగి వచ్చేసరికి బావగారు గోడకు చేరగిలబడి చెమటలో తడిసిపోయి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. చెయ్యి వేళ్ళు నల్లబడుతున్నాయి. అత్తగారు ఎదురుగా పీట మీదే ఉంది, తల్లీ కొడుకూ మధ్య ఎంత మాట జరిగిందో నాకు తెలియదు.

"ఎక్కిందా?"

"ఎక్కింది అత్తయ్యా."

ఆవిడ లేచి చేతులు కడుక్కుంది. ఎన్ని జరిగినా కొడుకు కదా, ఆలస్యమైతే కండరాలు బిగుసుకుంటాయని ఆవిడకే తెలుసు. తడి చేతులు రెండూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, వంగుతూ దగ్గరికి వెళ్ళింది.

ఆయన ఆ చేతుల్ని చూశాడు. పెట్టడానికి వస్తున్నాయని ఆయనకు తట్టలేదు. రెండో భుజం కూడా తీయడానికే వస్తున్నాయనుకున్నాడు. నడుముకు తోలు ఒరలో సన్నకత్తి ఎప్పుడూ ఉండేది, ఎడమ చేత్తో లాగి అడ్డంగా ఝళిపించాడు. అత్తగారి కుడి మణికట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత పడింది. ముందు తెల్లగా, తరవాత ఎర్రగా. ఆవిడ వేళ్ళు ముడుచుకోబోయి ముడుచుకోలేక తెరుచుకునే ఉండిపోయాయి, తాళ్ళు తెగిన తోలుబొమ్మ చెయ్యిలా.

ఆ చేతిని ఆవిడా చూసింది, ఆయనా చూశాడు. ఊళ్ళో ఆ భుజాన్ని తిరిగి లోపల పెట్టగలిగింది ఆ చెయ్యి ఒక్కటే. అది ఆయనకు అప్పుడు అర్థమైంది. కత్తి జారవిడిచాడు. "అమ్మా" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

అత్తగారు కట్ల గుడ్డతో మణికట్టు బిగించి పట్టుకుని, నన్ను పిలిచింది. నువ్వు లాగు, నేను చెబుతాను, అంది. నేను ఆయన చంకలో మడమ పెట్టాను. చెయ్యి పట్టుకున్నాను. నా నోట్లోంచి నెత్తురు ఆయన చొక్కా మీద పడుతోంది. పద్ధతి ప్రకారం అడిగాను.

"మీ ఇంటికి దారెటు బావగారూ?"

ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. ఒళ్ళు రాయిలా ఉంది. నా బలమంతా పెట్టి లాగాను, అత్తగారు చెప్పినట్టు అటు తిప్పి ఇటు తిప్పి లాగాను. రాలేదు. ఆయన స్పృహ తప్పాడు గానీ కీలు కూర్చోలేదు.

మా ఆయన సంత నుంచి వచ్చి ఇద్దర్నీ ఒకే బండిలో పెద్దాసుపత్రికి చేర్చాడు. మర్నాడు మత్తు ఇచ్చి భుజం లోపల పెట్టారు, కానీ అప్పటికే నరం నలిగిపోయింది. ఆ చెయ్యి మళ్ళీ రొమ్ము దాటి పైకి లేవలేదు. బొటనవేలు వాచిన ఆ పోలీసాయనే వచ్చాడు. ఈసారి నవ్వలేదు. మెడ గురించీ, దవడ గురించీ, తన మణికట్టు గురించీ అత్తగారు అన్నీ చెప్పింది, కొడుకు భుజం తీసింది తనేనని కూడా చెప్పింది. బావగారు కొంతకాలం జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక దుకాణం ముందు కుర్చీలో కూర్చునేవాడు. ఆయన నరికిన మొద్దు మీద మా ఆయన మేకల్ని విప్పేవాడు. వెనక తలుపు మూతపడింది.

అక్క నుంచి కబురు వచ్చాక, ఆయన తిరిగి రాకముందే, అత్తగారు ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క ఆ బస్సు దిగిన ఊళ్ళో ఒక ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరింది. నేను చూడబోయేసరికి ఇద్దరూ ఒక దుప్పటిని చెరొక కొస పట్టుకుని పిండుతున్నారు. ఒకరికి కుడి భుజం పనికిరాదు, ఒకరికి కుడి మణికట్టు. ఇద్దరికీ మిగిలింది ఎడమ చేతులే. నువ్వు అటు తిప్పు, కాదు నువ్వే ఇటు తిప్పు అని తగువు. నీళ్ళన్నీ కాళ్ళ మీదే.

"చూడవే, నా కోడలికి పిండడం కూడా రాదు" అంది అత్తగారు నన్ను చూసి.

"మా అత్తకు తిప్పడం బాగా వచ్చు, కానీ మనుషుల్నే" అంది అక్క.

అంటూ గట్టిగా గుంజింది. కుడి చెయ్యి కూడా సాయం వేసినట్టుంది, మనిషి అలవాటు పోదు కదా. భుజం జారింది. అక్క మొహం పాలిపోయి బల్ల మీద కూలబడింది. అత్తగారు తన కుడి చేతి వంక చూసుకుంది, తరవాత నా వంక చూసింది.

నేను కొంగు దోపుకుని, అక్క చంకలో మడమ పెట్టాను. అత్తగారు ఎడమ చేత్తో చంక ముందు బంతి ఎక్కడుందో చూపించింది.

"మీ ఇంటికి దారెటు అక్కా?"

ఆవిడ నా వైపు చూసింది. ఎప్పటిలాగే నవ్వబోయి, ఆగింది.

"బస్సు దిగి ఎడమకు రా" అంది. "బొగ్గుల కొట్టు దాటితే చెప్పులు కుట్టేవాడు కనిపిస్తాడు, వాడితో మాట్లాడకు, వదలడు. ఆ పక్క సందులో తిరుగు. పచ్చ తలుపు మాది కాదు, దాని తరవాత మెట్లు, మెట్లెక్కితే..."

లాగాను. ఠక్ మని కూర్చుంది.

"మెట్లెక్కితే రెండు గదులు, చిన్నదాంట్లో మీ అత్త పడుకుంటుంది, గురక పెడుతుంది" అని ఆవిడ చెబుతూనే ఉంది.